ఇరవైమూడో ఫారం

మలుపు దాటాక బస్సు రెండుసార్లు దగ్గి, మూడోసారి నిట్టూర్చి, రోడ్డు వారన ఆగిపోయింది. డ్రైవరు దిగి ఇంజను మూత ఎత్తాడు. లోపలికి తొంగిచూసి, చుట్టపుచూపుగా వచ్చినవాడిలా తల పంకించి, "అరగంట" అన్నాడు. నలభై ఏళ్ళుగా బస్సుల్లో తిరుగుతున్నవాణ్ణి. డ్రైవర్ల అరగంట కొలత నాకు తెలుసు. పదకొండు కావస్తోంది. ఎండ అప్పుడే కిటికీ ఊచలను కాలుస్తోంది.

నా ముందు సీట్లో ఒక అమ్మాయి చెవుల్లో తీగలు పెట్టుకుని ఫోనులో ఏదో చూస్తోంది. కోటలు, రెక్కల జంతువులు, మంటలు. ఉన్నట్టుండి ఆ అమ్మాయి "అయ్యో!" అని కేక పెట్టింది. బస్సంతా అటు తిరిగింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. కండక్టరు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందమ్మా? ఇంటి దగ్గర ఎవరికైనా..."

"చంపేశారండీ!"

"ఎవర్ని? ఎక్కడ?"

"గద్దల కాపరిని. ఏడో భాగంలో."

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక బస్సంతా గొల్లున నవ్వింది. "చుట్టాలందరికీ కబురు పెట్టారా అమ్మా?" అన్నాడు వెనక సీట్లోంచి ఒకాయన. "పాపం, గద్దల గతేం కాను?" అంది ఇంకొకావిడ. ఆ అమ్మాయి తల ఇంకా కిందికి దించుకుంది.

"నవ్వకండి."

నా పక్కన కూర్చున్న ఆవిడ అన్న మాట అది. అరవై దాటిన మనిషి. పొద్దుటి నుంచి ఒళ్ళో గుడ్డసంచీ పెట్టుకుని పలకకుండా కూర్చుంది. గట్టిగా అనలేదు. కానీ ఎత్తకుండానే చివరి సీటు దాకా వెళ్ళే గొంతులు కొన్ని ఉంటాయి. నవ్వులు ఆగిపోయాయి.

"ఆ పిల్లను ఏడవనివ్వండి. ఏడవడానికి చోటు దొరకడం అంటే మాటలా?" అని తన నీళ్ళ సీసా ముందుకు అందించింది.

తర్వాత ఇద్దరం దిగి, బస్సు నీడ పడిన కల్వర్టు గోడ మీద కూర్చున్నాం. మాట కలపడానికి, ఊళ్ళు తిరుగుతూ పుస్తకాలు చదువుతూ రాసుకుంటూ ఉండేవాణ్ణని చెప్పి, తిరిగిన చోట్ల చూసిన ఒక సంగతి చెప్పాను. ఒక రేవు పట్టణంలో సాయంత్రం పూట ఓడ కూలీలకు కథలు చెప్పేవాడొకడుండేవాడు. ఒకనాడు కథలోని ఒంటికన్ను ఏనుగును చంపేశాడు. వినేవాళ్ళు లేచి అతని గొడుగు లాక్కుని విరిచేశారు. మర్నాడు వాళ్ళే కొత్త గొడుగు తెచ్చి చేతిలో పెట్టి, బాబ్బాబు, దాన్ని బతికించవయ్యా అని బతిమాలారు.

"బతికించాడా?" అని అడిగిందావిడ.

"బతికించాడు. మూర్ఛ వచ్చి పడిపోయిందంతే అన్నాడు."

"తప్పు చేశాడు" అంది. నేను నవ్వబోయి ఆవిడ ముఖం చూసి మానేశాను. దానికదే బయటికొచ్చిందో, నేను ముక్కూమొహం తెలియని దారినపోయే ముసలివాణ్ణి కనుక చెప్పిందో గాని, ఆ గోడ మీద కూర్చుని తన కథ చెప్పింది. దారిలో కలిసినవాళ్ళు చెప్పే సంగతులు నేను చాలా విన్నాను. సగం అబద్ధాలు, అందులోనూ తామే గొప్పగా కనిపించే అబద్ధాలు. ఈవిడ చెప్పినదాంట్లో ఆవిడకు మేలైన ముక్క ఒక్కటీ లేదు.

ఆవిడ బతుకంతా ఒక బైండింగు షెడ్డులో గడిచింది. రేకుల కప్పు, రెండు పొడుగాటి బల్లలు, గోడవారన మైదా జిగురు డబ్బాలు, ఒక మూల జానెడు మందం కాగితాల కట్టను ఒక్క వేటుకు కోసే మిషను. ప్రెస్సు నుంచి దుప్పటంత కాగితాలు వచ్చేవి. ఒక్కోదాన్ని మూడుసార్లు మడిస్తే పదహారు పేజీలవుతుంది. దాన్నే ఫారం అంటారు. మడవకముందు ఆ కాగితం మీద పేజీలు కొన్ని తలకిందులుగా, వరస తప్పి ఉంటాయి. ఒకటో పేజీ పక్కన పదహారోది. మడత పడ్డాకనే కథ దారికొస్తుంది. ముప్ఫైమంది ఆడవాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ పనే చేసేవాళ్ళు. వాళ్ళలో ఈవిడకు తప్ప చదువు రాదు; తక్కినవాళ్ళకు ఫారాల అంకెలు తెలుసు, అంతే.

"మిఠాయి కొట్టువాడికి చక్కెర జబ్బు ఉన్నట్టు" అని ఆవిడ నవ్వింది. ఆ పూట ఆవిడ నవ్వడం అదే మొదలు.

ఎనిమిదో తరగతి దాకా చదువుకున్న మనిషి కనుక ఆ షెడ్డుకు చదివి వినిపించే పని ఆవిడకు వచ్చింది. ఆ పనికి పేరు లేదు గాని ఆవిడకు మాత్రం గొంతమ్మ అని పేరు పడింది. బల్ల చివర ఎత్తు స్టూలు మీద కూర్చుని, ఆ రోజు మడిచిన ఫారాన్నే గట్టిగా చదివేది. ఆవిడ మడవవలసిన వాటిని తక్కినవాళ్ళు తలా కొన్ని పంచుకుని మడిచేసేవాళ్ళు. మొదట యజమాని కళ్ళెర్ర చేశాడు. పనేమీ తగ్గలేదని చూసుకున్నాక మెత్తబడ్డాడు. "ఒక్క నోరు ఆడుతుంటే ముప్ఫై నోళ్ళు మూతపడ్డాయి. ఇంకేం కావాలి నాకు?" అనేవాడట.

అందులో ఒక చిక్కుంది. ప్రెస్సువాళ్ళకు కథతో పనిలేదు. ఏ ఫారం ముందు సిద్ధమైతే అది ముందు అచ్చువేసి పంపేస్తారు. పన్నెండు రాకుండానే పదిహేను రావచ్చు. అందుకని షెడ్డులో ఆడవాళ్ళు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ముందొచ్చిన ఫారాన్ని మడిచి, బోర్లించి, పైన అట్ట కప్పి పెట్టెయ్యాలి. దాని వంతు వచ్చేదాకా ఎవరూ చూడకూడదు. గొంతమ్మ అసలే చూడకూడదు. ఈ కట్టుబాటుకు కాపలా జిగురు పిన్ని. జిగురు కాచడమే ఆమె పని. "ముందు చూసినవాళ్ళ కళ్ళల్లో ఈ డబ్బా ఒంపేస్తా" అని గరిటె చూపించేది.

గొంతమ్మ సొంత అక్క కూడా అక్కడే పని. ఎనిమిదేళ్ళు పెద్దది. ఆమెది కుట్టు బల్ల: ఫారాలన్నీ వరసగా పేర్చి, నడుముల్లో సూది దూర్చి, ఒక పుస్తకంగా కుట్టడం. ఒకప్పుడు ఆ అక్క నోరు తెరిస్తే షెడ్డు రేకులు లేచేవట. తొమ్మిదేళ్ళ కూతురు మూడు రోజుల జ్వరంతో పోయాక ఆ నోరు మూతపడింది. పిల్ల పోయిన వారానికే పనిలోకొచ్చి సూదిలో దారం ఎక్కించింది. ఇంట్లో ఏడవలేదు, వీధిలో ఏడవలేదు, షెడ్డులో ఏడవలేదు. అత్తవారి వైపు వాళ్ళు రాతిగుండె అన్నారు. "కన్నదేనా అసలు?" అని ఆమె వినేలాగే అన్నవాళ్ళున్నారు. మూడేళ్ళు అలా గడిచాయి. దారం కావాలి, సూది విరిగింది, పొద్దుపోయింది. ఇవే ఆమె మాటలు.

అప్పుడొచ్చింది ఆ నవల మూడో సంపుటం. రాకుమారుడొకడు పోయిన రాజ్యాన్ని వెతుక్కుంటూ కొండల కింద సొరంగాల్లో పడి వెళ్ళే కథ. మొదటి రెండు సంపుటాలకే ఊళ్ళో జనానికి పిచ్చెక్కింది. కొట్టు తెరవకముందే వరస కట్టేవాళ్ళట. ఆ కథలో దీపాలపిల్ల అని ఒకతె ఉంది. భుజం మీద కర్ర, కర్రకు మూడు దీపాలు. చీకట్లో అందరికన్నా ముందు నడవడం దాని పని. మూడో సంపుటం నాలుగో ఫారంలో రాకుమారుడు దాన్ని వెనక్కి వెళ్ళి భద్రంగా నడవమంటాడు. "వెనక నడిస్తే నాకు మీ వీపు తప్ప ఏం కనిపిస్తుంది?" అంటుంది అది.

కుట్టు బల్ల దగ్గర సూది ఆగింది.

"దానికెన్నేళ్ళే?" అని అడిగింది అక్క.

గొంతమ్మ పేజీ అంతా వెతికింది. "రాయలేదక్కా."

"తొమ్మిదో పదో ఉంటాయి" అంది అక్క, మళ్ళీ కుట్టుకుంటూ.

మర్నాటి నుంచి అక్క అడగడం మొదలుపెట్టింది. ఇవాళ అది ఏమన్నా తిందా? రాళ్ళల్లో నడుస్తోంది కదా, కాళ్ళకు చెప్పులున్నాయా లేవా? ఆ కర్ర బరువుకు భుజం కాయలు కాయదూ?

"లేకపోతే రాకుమారుడి బూట్లు ఊడబెరికి దానికి తొడుగుదాం" అంది జిగురు పిన్ని.

"తొడగాల్సిందే. ఆ దద్దమ్మకు బూట్లెందుకు? దీపం లేకపోతే వాడి ముక్కు వాడికి కనిపించదు" అంది అక్క.

ముప్ఫైమందీ పడీపడీ నవ్వారు. మూడేళ్ళ తర్వాత అక్క వేసిన మొదటి ఛలోక్తి అది. గొంతమ్మ మాత్రం ఫారం ముఖానికి అడ్డం పెట్టుకుంది.

ఇలా ఉండగా ఇరవైమూడో ఫారం పంతొమ్మిదికన్నా ముందే వచ్చేసింది. మడిచారు, బోర్లించారు, అట్ట కప్పారు. మధ్యాహ్నం అందరూ చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళారు. గొంతమ్మ అట్ట ఎత్తింది. ఎందుకు ఎత్తిందంటే, అక్కలాగే తనకూ ఆ పిల్ల మీద బెంగ పట్టుకుంది. బాగానే ఉందని ఒక్కసారి చూసుకుందామని.

బాగా లేదు. వెలుగును తినే మృగం ఒకటి సొరంగంలో వెంటపడుతుంది. దీపాలపిల్ల కర్ర భుజానికెత్తుకుని, తక్కినవాళ్ళను చీకట్లో వదిలి, మృగాన్ని తన వెంట తిప్పుకుంటూ పక్క సొరంగంలోకి పరుగెడుతుంది. "మూడు దీపాలూ ఒక్కసారే ఆరిపోయాయి." అంతే. రచయిత దాని చావుకు పూర్తిగా ఒక పేజీ కూడా ఇవ్వలేదు. తర్వాతి పేజీలో రాకుమారుడు తడుముకుంటూ వెళ్ళి దాన్ని ఎత్తుకుని బయటికి తెస్తాడు. వట్టి కాళ్ళు.

పంతొమ్మిది నుంచి ఇరవైరెండు దాకా ఫారాలు వచ్చి, చదవడం పూర్తయ్యేసరికి పదకొండు రోజులు పట్టింది. "తెలియక చదివే గొంతు వేరండీ, తెలిసి చదివే గొంతు వేరు" అంది నాతో. అక్క కనిపెట్టింది కూడా. "ఏమే, జలుబు చేసిందా? రెండు రోజులు నోటికి సెలవియ్యి" అంది. ఆ పదకొండు రోజుల్లో అక్క మనిషి తిరిగింది. జుట్టు నున్నగా దువ్వుకుని వచ్చేది. పక్కబల్ల వాళ్ళతో పేచీలు పెట్టుకునేది. పేచీ పెట్టుకునే మనిషంటే బతికొచ్చిన మనిషే కదా.

ఆ రోజు రానే వచ్చింది. గొంతమ్మ స్టూలెక్కి కూర్చుని ఇరవైమూడు తెరిచింది. మొదటి నాలుగు పేజీలు ఉన్నది ఉన్నట్టే చదివింది. అయిదో పేజీలో కళ్ళు ఒక దారిన పోయాయి, నోరు ఒక దారిన పోయింది. "రెండు దీపాలు ఆరిపోయాయి. మూడోది దూరంగా, చిన్నగా, కదులుతూ పోయింది. దారి తప్పింది పిల్ల" అని చదివింది. ఆ మాటలు ఆ కాగితం మీద లేవు.

"దారి దొరక్క చస్తుందా ఏం? దారి చూపించేదే అది" అంది అక్క ధీమాగా.

ఒక అబద్ధానికి ఒక్క రోజు చాలదని గొంతమ్మకు తట్టలేదు. ఇరవైనాలుగో ఫారంలో రాకుమారుడు దీపాలపిల్ల కోసం తొమ్మిది రోజులు నోట మాట లేకుండా కూర్చుంటాడు. మరి ఎందుకు కూర్చున్నట్టు? అప్పటికప్పుడు ఏదీ తోచక, మూటలు మోసే గాడిద చచ్చిపోయిందని చెప్పింది.

"గాడిదకు తొమ్మిది రోజులా!" అంది జిగురు పిన్ని. "నేను పోతే మా ఆయన తొమ్మిది నిమిషాలు కూర్చోడు. వచ్చే జన్మంటూ ఉంటే ఆ గాడిదనై పుడతాను."

ఆ తర్వాత ఫారానికొకసారి, చదువుతున్న వాక్యాల మధ్య, దూరంగా కొండ వాలులో ఒక దీపం కదిలినట్టు ఒక మాట దూర్చేది. మంచి రచయితలే తడబడే పని అది; ఎక్కడ ఎక్కువైనా పట్టుబడుతుంది. ఆవిడ పట్టుబడలేదు. చివరి ఫారంలో పట్టాభిషేకం వేళ కోట గుమ్మంలో దీపాలపిల్లను నిలబెట్టింది. షెడ్డంతా చప్పట్లు. "చూశారా? చెప్పానా?" అని అక్క బల్ల చరిచింది.

ఆ సాయంత్రం అక్కాచెల్లెళ్ళు కలిసి ఇంటికి నడిచారు. దారి పొడుగునా అక్క కూతురి గురించి మాట్లాడింది, పిల్ల పోయాక మొదటిసారి. చీకటంటే దానికి బెదురుండేది కాదని, అర్ధరాత్రి లేపి నీళ్ళడిగేది కాదు, తనే వెళ్ళి తాగొచ్చేదని. గొంతమ్మ వింటూ, తాను చేసింది తప్పు కానే కాదనుకుంది. ఇప్పటికీ ఆ నడక గుర్తొస్తే అలాగే అనిపిస్తుందట. చిక్కంతా అక్కడే ఉంది.

పుస్తకం బజారుకెక్కింది. మూడో నాటికి ఊరు అల్లకల్లోలం. బడిలో పంతులమ్మ పాఠం మధ్యలో ఆపి కిటికీ వైపు తిరిగి నిలబడిపోయింది. పోస్టుమాన్ ఉత్తరాలిస్తూ ముక్కు చీదుకున్నాడు. దర్జీ ఒకాయన కత్తెర కింద పెట్టి, "ఆ రచయిత నా కొట్టుకొస్తే కొలతలు తీసుకోను, ప్రాణం తీస్తాను" అన్నాడు. ప్రచురణకర్త గుమ్మం ముందు జనం పోగై, బతికించండని కేకలేశారు. పెళ్ళాం పోయినప్పుడు గడ్డం గీసుకుని పనికెళ్ళినవాడు కూడా దీపాలపిల్ల పోయిందని గడ్డం పెంచాడట. జనం వెర్రివాళ్ళని రాయడం సులభం. ఎన్నాళ్ళో దాచుకున్న ఏడుపుకు తలుపు కనపడిందని నాకనిపిస్తుంది. ఎవరి ఏడుపు దేనికోసమో ఎవరికి తెలుసు?

ఆ ఊళ్ళో నవ్వుముఖంతో తిరిగింది ముప్ఫైమంది ఆడవాళ్ళు. అందరికన్నా ముందు అక్క. తానే వెళ్ళి మనుషులను ఓదార్చేది. పంతులమ్మ చెయ్యి పట్టుకుని, "ఏడవకండి పంతులమ్మగారూ, అది బతికే ఉంది. మీరు సరిగ్గా చదవలేదు. చివరి ఫారం చూడండి, గుమ్మంలోనే నిలబడి ఉంది. ఈ చేతుల్తో కుట్టాను నేను" అని చెప్పేది. పంతులమ్మ ఏమనగలదు? పాపం, కూతురు పోయిన మనిషి అనుకుని తల ఊపేది. దర్జీ తల ఊపాడు. పోస్టుమానూ ఊపాడు. అక్క వెళ్ళిపోయాక ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకునేవాళ్ళు.

అప్పుడైనా చెప్పెయ్యాల్సింది. "ఇవాళ చెబుతా, రేపు చెబుతా అనుకుంటూ ఉండిపోయానండీ" అంది.

చెప్పే అవసరం రాకుండా పుస్తకాలే చెప్పాయి. ఊళ్ళో కొంతమంది కోపంతో ఆ చావున్న పేజీలు చింపేసి పుస్తకాలు కొట్టుకు తిప్పి పంపారు. కొట్టువాళ్ళు ప్రచురణకర్తకు పంపారు. అతను వాటిని మళ్ళీ షెడ్డుకు తోలాడు: కుట్లు విప్పి, చిరిగింది తీసేసి, కొత్త ఫారం పెట్టి కుట్టమని. రెండు మూడొందల పుస్తకాలు బల్ల మీద గుట్ట పడ్డాయి. అక్క ఒకటి తెరిచింది, ఇంకొకటి తెరిచింది, నాలుగు తెరిచింది.

"ఇదేమిటి చోద్యం? అందరూ ఇరవైమూడే చింపారేం? అందులో అంత చింపాల్సింది ఏముందని?"

గొంతమ్మ స్టూలు పట్టుకుని నిలబడిపోయింది. కాగితం కోసే మిషను దగ్గర ఉండే కత్తి బాబాయికి కాస్త చదువొచ్చు. మిషను మోతలో అతనెప్పుడూ కథ విన్నవాడు కాదు. "ఇటివ్వండి" అని కొత్త ఫారం ఒకటి తీసుకుని, కూడబలుక్కుంటూ, సామాను జాబితా చదివినట్టు చదివాడు. మూడు. దీపాలూ. ఒక్కసారే. ఆరిపోయాయి. వట్టి కాళ్ళ దాకా చదివి, "ఇదేనమ్మా, ఆ పిల్లేదో చచ్చిపోయింది" అని ఫారం కింద పెట్టి, మిషను దగ్గరికి వెళ్ళిపోయాడు.

జిగురు పిన్ని గరిటె డబ్బాలోనే వదిలేసింది. ముప్ఫై తలలూ స్టూలు వైపు తిరిగాయి. అక్క తల తిరగలేదు. సూదిలో దారం ఎక్కించుకుని, గుట్టలోంచి మొదటి పుస్తకం తీసి, కుట్లు విప్పి, ఇరవైమూడో ఫారం పెట్టి కుట్టింది. తర్వాత రెండోది. పొద్దు వాలేదాకా ఆ ఒక్క ఫారమే కుడుతూ కూర్చుంది. సాయంత్రం కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే చెల్లెలు వెళ్ళి పక్కన నిలబడింది. అక్క కుళాయి కట్టేసింది.

"ఊరంతా ఏడుస్తుంటే నేను నవ్వుతూ తిరిగాను. పంతులమ్మ ఏడ్చింది, పోస్టుమాన్ ఏడ్చాడు. వాళ్ళ మధ్యన నేనూ కూర్చుని ఏడిస్తే, ఎందుకే, ఎవరి కోసమే అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. నా జన్మకి అలాంటి చోటు ఒక్కటి దొరికింది. నువ్వు మూసేశావు."

"నీకోసమేనక్కా."

"నాకోసం కాదు. నేనేడిస్తే నువ్వు చూడలేవు. నీకోసం."

ఆ నెలాఖరుకు అక్క వేరే ఊళ్ళో బైండింగు పని చూసుకుని వెళ్ళిపోయింది. గొంతమ్మ మళ్ళీ స్టూలెక్కలేదు. ఎవరూ ఎక్కమని అడగలేదు కూడా. చదువొచ్చిన ఇంకో పిల్ల వచ్చి చదివేది; ఈవిడ తలవంచుకుని మడుస్తూ వినేది. పక్కవాళ్ళు మాత్రం చాలా కాలం దాకా ఒక్కో వాక్యం దగ్గర ఆగి, "ఇది నిజంగా ఉందా, ఇదీ గొంతమ్మ గాడిదేనా?" అని ఆ పిల్లను అడిగేవాళ్ళట. ఇరవైనాలుగేళ్ళయింది. పెళ్ళిళ్ళలో, చావుల్లో అక్కాచెల్లెళ్ళు కలుసుకున్నారు. బాగున్నావా అంటే బాగున్నాను, అంతకుమించి లేదు.

"మొన్న సోమవారం ఫోను చేసిందండీ" అంది ఆవిడ. "ఆ ఫారం నీ దగ్గరుందా అని అడిగింది. ఉందన్నాను. ఏ ఫారమని నేనూ అడగలేదు, అదీ చెప్పలేదు. పట్టుకురా, ఎవరితోనూ చదివించుకోలేదు ఇన్నాళ్ళూ, నీ నోటితోనే వినాలి, ఈసారి ఉన్నది ఉన్నట్టు చదువు అంది."

"మంచిదే కదమ్మా."

"మర్నాడు ఇంకో ఫోను. అక్కను చూసుకుంటున్న కోడలు, మరిదిగారి కోడలు, మంచి పిల్ల. పిన్నీ, గుండె బాగా పాడైపోయింది, ఏడిపించే మాటలేవీ చెప్పకండి, డాక్టరు మరీమరీ చెప్పాడు అంది." ఆవిడ ఒళ్ళోని సంచీ సర్దుకుంది. "పొద్దుట బస్సెక్కేటప్పుడు ధైర్యంగానే ఉన్నాను. ఇది ఇక్కడ ఆగిపోయినప్పుడు, ఎందుకు దాచాలి, ప్రాణం లేచొచ్చింది. అటునుంచి వచ్చే బస్సెక్కి వెనక్కి పోదామనుకున్నాను. మీరు ఇన్ని ఊళ్ళు తిరిగారు, ఇన్ని పుస్తకాలు చదివారు. మీరు చెప్పండి, ఏం చెయ్యను?"

ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు తెలియదనడం మర్యాద. ఆ మర్యాద నాకు వయసుతో రాలేదు. "చదవండి. వెళ్ళి, పక్కన కూర్చుని చదవండి. కాకపోతే ఆ ఆఖరి పేజీ, ఆ వట్టి కాళ్ళ ముక్క... అంతవరకు కాస్త తేలిక చేసి చదివితే సరిపోతుందేమో. పెద్దప్రాణం కదా" అన్నాను.

ఆవిడ నా వైపు చాలాసేపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. జాలి ఉందేమో.

"మీరు మంచివారండీ" అంది. "నేనూ అప్పుడు మంచిదాన్నే."

లేచి చీర కుచ్చెళ్ళకంటిన దుమ్ము దులుపుకుంది. ఇంజను కింద నుంచి రెండు కాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. వాటిని పలకరించి అక్క ఉన్న ఊరెంత దూరమని అడిగింది. "మూడు కిలోమీటర్లుంటుంది. ఇంకొక్క అరగంట ఆగండమ్మా, అయిపోయింది" అన్నాయి కాళ్ళు. ఆవిడ ఆగలేదు. సంచీ చంకకు తగిలించుకుని రోడ్డెక్కింది. ఎదురుగా, అటునుంచి వచ్చే బస్సొకటి దుమ్ము లేపుకుంటూ వచ్చి, ఆవిడ పక్కన నెమ్మదించింది; ఎక్కుతారా అని కండక్టరు చెయ్యి ఊపి అడిగాడు. ఆవిడ తల కూడా తిప్పకుండా దాన్ని దాటి నడిచింది.

ఎండలో ఆ వయసు మనిషి నడవడం చూడలేక, "అమ్మా, గొడుగైనా..." అని లేచాను. ఆవిడ ముందరి మలుపు దగ్గర చెట్లు అడ్డొచ్చేదాకా ఒకే వేగంతో నడుస్తూనే ఉంది.